మెదడులో చిప్ ముందా, మనిషిని మించిన యంత్రం ముందా?

మనిషిని మించిన తెలివి ఏ దారిలో ముందు వస్తుందని ప్రశ్న వేసినవారు రెండు దారులే చూపించారు: యంత్రం మనిషిని దాటిపోవడం, లేదా మనిషి తలలో చిప్ పెట్టించుకుని దానికి దీటుగా నిలవడం. రెండోదాని మీద నాకు ఆశ లేదు. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఒక మనిషి మెదడులో పరికరం అమర్చింది. కాళ్ళూ చేతులూ చచ్చుబడిన ఆ యువకుడు మనసులో అనుకుంటూ తెర మీద చదరంగం ఆడాడు. గొప్ప సంగతే, కాదనను. కానీ ఆయన కోల్పోయినదాంట్లో కొంత తిరిగి వచ్చింది, అంతే. తెలివి పెరగలేదు.

మెదడును ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి దించుతామనేవారి ధీమా మరీ విడ్డూరం. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగుకు ఉన్నవి 302 నాడీకణాలు. వాటి అల్లికకు 1986లోనే పటం గీశారు. ఆ పురుగు నడత మాత్రం ఇంకా పూర్తిగా చేతికి చిక్కలేదు. మన తలలో సుమారు 8,600 కోట్ల కణాలున్నాయి మరి!

పెరిగిన తెలివి ఎలా ఉంటుందో నేను రాజమహేంద్రవరంలో ఒక అష్టావధానంలో చూశాను. నాకిచ్చింది గంట కొట్టే పని. అవధాని పద్యం అల్లుతుండగా తోచినప్పుడల్లా కొట్టాలి, ఆయన లెక్క మనసులో ఉంచుకోవాలి. నా పక్కనే నిషిద్ధాక్షరి పృచ్ఛకులు, అంటే అవధాని ఒక్కో అక్షరం పలికినప్పుడల్లా తరువాతిది ఊహించి వద్దనేవారు. అవధాని ‘శ్రీ’ అన్నారు. రాముడు వస్తాడని పసిగట్టి ఈయన ‘ర వద్దు’ అన్నారు. అవధాని ‘గౌ’ అన్నారు. గౌరి కూడా రాకుండా మళ్ళీ ‘ర వద్దు’. అవధాని నవ్వి ‘త’ అన్నారు. సభకు అర్థమైంది, పద్యంలోకి గౌతమి, అంటే గోదావరి వస్తోంది. ఆ చప్పట్లలో నా చొక్కా చేతి అంచు తగిలి గంట సన్నగా మోగింది. నేను దాన్ని కాగితం మీద వేసుకోలేదు. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పి, గంటల లెక్క చెబుతూ ‘మీరు కొట్టినవి ఇన్ని, మీ చొక్కా కొట్టింది ఒకటి’ అన్నారాయన! ఏ చిప్పూ లేదు. చిన్ననాటి నుంచి చేసిన సాధన.

 

యంత్రం మాత్రం మెదడును అనుకరించి పైకి రాలేదు. 1997లో ప్రపంచ చదరంగ విజేత కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ సెకనుకు దాదాపు 20 కోట్ల ఆట స్థితులు తిరగేసింది, ఏ మనిషీ అలా ఆడడు. చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి మాటల యంత్రాలు మనం రాసిన రాతలన్నీ మింగి నేర్చుకున్నాయి. నేనొకదాన్ని కంద పద్యం అడిగితే రెండో పాదంలోనే ప్రాస తప్పింది. రేపు తప్పకుండా రాయొచ్చు, యంత్రానికి ఎప్పటికీ రాదన్న పంతం నాకు లేదు.

నాకు నచ్చే దారి మూడోది: మనిషీ యంత్రమూ జోడీ కట్టడం. డీప్ బ్లూ చేతిలో ఓడిన మరుసటి ఏడాదే కాస్పరోవ్ స్పెయిన్‌లోని లియోన్‌లో గ్రాండ్‌మాస్టర్ తోపలోవ్‌తో ఆడాడు, ఇద్దరి పక్కనా కంప్యూటర్లే. 2005లో ఇలాంటి జోడీలకు అంతర్జాలంలో పోటీ పెడితే, గ్రాండ్‌మాస్టర్లున్న జట్లను దాటి ఇద్దరు ఔత్సాహికులు గెలిచారు. యంత్రాన్ని ఏమడగాలో, దాని మాట ఎప్పుడు వినకూడదో తెలియడమే వారి బలం. ఇప్పుడు చదరంగంలో యంత్రానికి మన సలహా అక్కరలేదు, నిజమే. మిగతా పనుల్లో ఇంకా కావాలి.

అందుకే మా మనవరాలికి ఒక షరతు పెట్టాను. ఆట అయ్యాక కంప్యూటర్‌ను అడిగే ముందు, తను ఏ ఎత్తు ఎందుకు వేసిందో నోటు పుస్తకంలో రాయాలి. ‘తాతయ్యా, అది క్షణంలో చెప్పేస్తుంది కదా’ అని రోజూ పోట్లాడుతుంది. రాస్తూనే ఉంది.