అడవి కాలే నెలల్లో ఆకాశం చూడాలంటే

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో రెండు సంగతులు కలగలిపి చెప్పావు. ఊరి వెనక గుట్ట మీద ఎర్రటి గీత కనబడి రాత్రంతా నిద్ర పట్టలేదన్నావు. గాలివానకు కరెంటు పోయిన రాత్రి వాకిట్లోకొచ్చి తలెత్తితే, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ని ఇన్ని చుక్కలున్నాయని నాకెవరూ చెప్పలేదేమిటన్నావు. మీ అమ్మ మొదటిదే విని బ్యాంకులో ట్రాన్స్‌ఫర్‌కు దరఖాస్తు పెట్టమంటోంది. నేను రెండూ విన్నాను కాబట్టి పెట్టొద్దంటున్నాను. అడవి శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని గనక మంట సంగతి ముందు చెబుతాను. చుక్కల దగ్గరికి అక్కణ్నుంచే దారి.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ తాలూకాలో కాలేది టీవీలో చూపించే కాలిఫోర్నియా అడవి లాంటిది కాదు. అక్కడ మంట చెట్ల తలల మీదుగా దూకుతుంది, ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయిస్తారు. మనది ఆకు రాల్చే అడవి. టేకు, తునికి, నల్లమద్ది మాఘ ఫాల్గుణాల్లో ఆకు దులుపుకుంటాయి. ఎక్కువగా కాలేది నేల మీద పడ్డ ఆ ఎండుటాకే. మంట చాలాచోట్ల మోకాలెత్తుకు మించదు. వెదురు పొదలు, ఎండిన బోదగడ్డి దగ్గర మాత్రం మనిషెత్తు లేస్తుంది, అక్కడ జాగ్రత్త. పొద్దుగూకి చల్లబడి గాలిలో తేమ పెరిగితే దాని జోరు తగ్గుతుంది. చీకట్లో ఎక్కడో మూడు గుట్టల అవతలిది కూడా పెరటి వెనకే ఉన్నట్టు కనిపిస్తుంది.

అందుకని మంట కనబడగానే టెన్షన్ పడకు. వాకిట్లో ఒకేచోట నిలబడి, గీత కొసను గుంజకో కరెంటు స్తంభానికో ఆనించి చూసుకో. పావుగంట ఆగి, అడుగు మారకుండా అక్కడే నిలబడి మళ్లీ చూడు. కొస స్తంభం దాటి ఎటు జరిగిందో తెలుస్తుంది. గుట్ట ఎక్కే మంటకు వేగం ఎక్కువ, దిగే మంటకు తక్కువ. ఊరి వైపు దిగుతోందనిపిస్తే ముందు పోలీస్ పాటిల్‌కు (ఊళ్లో ప్రభుత్వం నియమించిన పెద్ద), తర్వాత బీట్ గార్డుకు (ఆ అడవి ముక్కను కాపలా కాసే మా శాఖ మనిషి) చెప్పు. మహారాష్ట్ర అడవి శాఖ హెల్ప్‌లైన్ 1926. ఫోన్‌లో 'గుట్ట మీద మంట' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ ఊరికి ఏ దిక్కున, ఏ వాగుకు ఇవతలా అవతలా, ఎటు పోతోంది, ఈ మూడూ చెప్పాలి.

ఉపగ్రహాలున్నాయి కదా అంటావు. ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఆ సమాచారంతో అలర్ట్‌లు పంపిస్తారు, పేరు నమోదు చేసుకుంటే నీ ఫోన్‌కూ వస్తాయి. కానీ వేడిని పసిగట్టే వీర్స్ (VIIRS) అనే పరికరం ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. అవి చూపించే ఒక్కో గడి 375 మీటర్ల చదరం. సాయంత్రం నాలుగింటికి అంటుకున్నదాన్ని ముందు పట్టుకునేది మేకలు తోలుకొచ్చే పిల్లవాడే.

మంట ఎవరు పెడతారో నీకూ తెలిసిపోయి ఉంటుంది. పిడుగు వల్ల అంటుకునేవి తక్కువ. ఇప్పచెట్టు కింద ఆకు పేరుకుంటే రాలిన పువ్వు కనబడదని కాలుస్తారు. తునికాకు లేత చిగురు బాగా వస్తుందనీ కాలుస్తారు. బీడీ ముక్క పారేసేవాళ్లు సరేసరి. ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా మా శాఖ లెక్కలో మంటల కాలం. అంతకుముందే జాళ్‌రేషలు, అంటే మంట దాటకుండా అడవిలో వదిలే ఖాళీ పట్టీలు, కాల్చి సిద్ధం చేసుకుంటాం. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం నేరం. అది నిజమే కానీ, బ్యాంకు కౌంటర్లో కూర్చున్న నువ్వు ఆ చట్టం చదివి వినిపిస్తే పని జరగదు. వేసవి నెలల్లో ఆ ఇళ్లకు డబ్బు వచ్చేది ఆ పువ్వు మీదే, ఆ ఆకు మీదే. చెట్టు కింద చీపురుతో ఊడ్చి ఏరుకునేవాళ్లు, పాత చీరలు పరిచేవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. కాల్చిన చెట్టు కింద పువ్వుకు బూడిద అంటుకుంటుంది, ఊడ్చిన చోట శుభ్రంగా ఉంటుంది. ఆ మాట వాళ్లలో వాళ్లు చెప్పుకుంటేనే నడుస్తుంది. తునికికి కూడా కొమ్మలు కొట్టిస్తే చిగురు వస్తుంది. నువ్వు పెద్దరికం చేయకుండా కూర్చుని విను, చాలు.

ఇంటి సంగతి. నీ అద్దె ఇల్లు ఊరి చివరిదన్నావు. పెంకుల సందుల్లో ఇరుక్కున్న ఆకు వారానికోసారి తీయించు. ఎగిరొచ్చిన నిప్పురవ్వ ముందు పట్టుకునేది అక్కడే. గడ్డివాము గోడకు ఆనుకుని ఉంటే ఇంటాయనతో మాట్లాడి దూరం జరిపించు. ఎండు కంప దడి కూడా మంటను తిన్నగా గుమ్మం దాకా తెస్తుంది. ఇంటి చుట్టూ నాలుగైదు బారల వెడల్పున చెత్తా గడ్డీ లేకుండా చెక్కించు. రెండు డ్రమ్ములు నీళ్లు నింపి ఉంచు. ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకుని ఆర్పడానికి పోతే నువ్వు గాలి మంటను తోసుకొచ్చే వైపుకు మాత్రం పోకు, గుట్ట ఎగువన నిలబడకు. తప్పించుకోవాల్సి వస్తే అప్పటికే కాలిపోయిన నల్లనేల మీదికో వాగు ఇసుకలోకో వెళ్లు. నల్లనేల మీద కూడా చూసి అడుగు వెయ్యాలి. మొద్దుల వేళ్లు లోలోపల రోజుల తరబడి రాజుతూ ఉంటాయి. పైన బూడిద మామూలుగానే కనిపిస్తుంది, అడుగు పడితే కింద గుల్ల. నిలువునా కాలిన మోడు చప్పుడు లేకుండా కూలుతుంది. దాని కింద కూర్చుని చుక్కలు చూడాలని ఎవడికైనా అనిపిస్తే వాడికి చుక్కల మీద ఉన్నంత ప్రేమ నెత్తి మీద లేదన్నమాట.

ఇక పొగ. నీకు చిన్నప్పుడు ఆయాసం వచ్చేది, మరిచిపోలేదు కదా. తువ్వాలు తడిపి కట్టుకుంటే కంటికి కాస్త హాయిగా ఉంటుందేమో కానీ సన్నటి పొగ రేణువులు దానికి ఆగవు. ఎన్-95 మాస్కులు నాలుగు దగ్గర ఉంచుకో. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ సిరొంచలో దొరికినప్పుడే కొనిపెట్టుకో, మీ ఊళ్లో దొరకదు. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది, పొగా దాంతోపాటే దిగి వాగుల వెంబడి నిలిచిపోతుంది. తెల్లవారేసరికి లోయ నిండా తెల్లగా ఉంటుంది. నెత్తి మీద ఆకాశం మాత్రం శుభ్రంగానే ఉండొచ్చు. పొగ ఊపిరికీ చుక్కలకీ ఒకే చోట అడ్డం అన్నమాట. కాబట్టి రాత్రి బయటికి రాగానే ముందు నేల అంచు చుట్టూ చూడు. ఎర్రటి కాంతి ఎక్కడ, పొగ తెర ఏ దిక్కున ఎంత ఎత్తు దాకా ఉంది, గాలి ఎటు. ఆ తర్వాతే తలెత్తు.

పొగ కొలవడానికి నా దగ్గరున్న యంత్రం సప్తర్షులు. మూడు చుక్కల తోక, నాలుగు చుక్కల మంచం కలిసే చోట అత్రి నక్షత్రం ఉంటుంది, ఏడింటిలో అదే మసక. అది తేలిగ్గా కనిపించి, వసిష్ఠుడి పక్కన అరుంధతి కూడా విడిగా తెలిస్తే ఆ రాత్రి నిద్ర మానుకోవచ్చు. అత్రి కనబడకపోతే వెళ్లి పడుకో. మీ ఊరి గోండు పెద్దలను అడుగు, ఆ నాలుగు చుక్కలూ ముసలమ్మ మంచమనీ, తోకలోని మూడూ మంచం దొంగిలించ వచ్చిన దొంగలనీ చెబుతారు. వేటగాడి (ఓరియన్) నడికట్టు వాళ్లకు నాగలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కారేతో కలిసి గోండు ఊళ్లు తిరిగి ఇలాంటివి రాసిపెట్టారు. నువ్వు ఊళ్లోనే ఉన్నావు, నేరుగా విను.

ఆ గాలివాన రాత్రి అంత బాగా ఎందుకు కనబడిందో ఇప్పుడు అర్థమై ఉండాలి. వాన పొగనూ దుమ్మునూ కడిగేసింది, అడవిలో మంటలూ చల్లారాయి, పైగా కరెంటు పోయి పంచాయతీ ఎల్‌ఈడీ లైట్లూ ఆరిపోయాయి. మూడూ ఒకేసారి కలిసిరావడం అరుదు. చైత్ర వైశాఖాల్లో అలాంటి రాత్రి వస్తే వదలకు. అయితే ఉరుములు పూర్తిగా ఆగాక ఇంకో గంట ఆగి బయలుదేరు. దారిలో తెగిపడ్డ కరెంటు తీగ ఉండొచ్చు, చీకట్లో తెలియదు. మామూలు రోజుల్లో అయితే క్యాలెండర్ చూసుకో. బహుళ అష్టమి దాటాక చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే వస్తాడు, కాబట్టి సందెవేళ నుంచి చీకటి నీదే.

చోటు సంగతికొస్తే, మొదటి రాత్రులకు బడి డాబా మంచిది, పాముల భయం ఉండదు. హెడ్‌మాస్టరును అడిగి తాళం తీసుకో. పోలీస్ పాటిల్‌కు ముందే చెప్పు. మన ప్రాంతంలో అర్ధరాత్రి టార్చి పట్టుకుని తిరిగేవాణ్ని ఎవరైనా అనుమానిస్తారు, అది వాళ్ల తప్పు కాదు. ఆకాశంలోకి లేజర్ లైటు కొట్టే పని అసలే వద్దు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల వైపు వెళ్లకు, ఎలుగుబంటికీ ఆ పువ్వంటే ఇష్టమే. తోడు దొరికిన రోజు గోదావరి ఒడ్డుకు రా. ఎండాకాలం ఇసుక తిన్నెల మీద కాలడానికి ఏమీ ఉండదు, దక్షిణం వైపు చెట్లు అడ్డు రావు. నీళ్ల అంచుకు దూరంగా, ఎత్తుగా ఉన్న ఇసుక మీదే కూర్చోవాలి.

ఆ దక్షిణమే మన వాటా. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు. ధ్రువుడు ఇక్కడ ఉత్తరాన రెండు పిడికిళ్ల లోపే ఉంటాడు. అంత కిందికి ఉన్నాడు కాబట్టే దక్షిణాన ఢిల్లీవాళ్లకు అందనివి మనకు అందుతాయి. ఏప్రిల్ ఆఖర్లో రాత్రి పది ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన, నేల నుంచి పిడికిలెత్తున త్రిశంకు (శిలువ ఆకారపు చుక్కల గుంపు, సదరన్ క్రాస్) నిలబడుతుంది. కిందనే ఉంటుంది కాబట్టి పొగ ఉంటే ముందు పోయేదీ అదే. ఇంకో గంటకు దాదాపు అదే దిక్కున, రెండున్నర పిడికిళ్ల ఎత్తున మసక చుక్క ఒకటి దొరుకుతుంది, దూది పింజలా. ఒమెగా సెంటారీ. అది ఒక చుక్క కాదు, కోటి చుక్కల గుంపు, సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరం. నాకు పాలపుంత కంటే ఇదే ఇష్టం, ఎందుకో చెప్పలేను. పాలపుంత కావాలంటే రాత్రి రెండు దాటాక లేవాలి. వృశ్చికం నడుమ జ్యేష్ఠ ఎర్రగా ఉంటుంది, అది పొగ వల్ల కాదు, దాని రంగే అది. మే 5, 6 తేదీల్లో తెల్లవారుజామున మూడు తర్వాత తూర్పున చుక్కలు రాలతాయి, హేలీ తోకచుక్క వదిలిన ధూళి. ఫిబ్రవరిలో అయితే రాత్రి తొమ్మిదికి దక్షిణాన అగస్త్యుణ్ని చూడు.

చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెరిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. టార్చికి ఎర్ర గాలిపటం కాగితం రెండు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యి. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు.

నా 10×50 బైనాక్యులర్ బీరువాలో ఊరికే పడి ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి పట్టుకుపో. అద్దాలు చొక్కాతో తుడవకు, ఈ రోజుల్లో బూడిద పడి ఉంటుంది, గీతలు పడతాయి. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊది, ఆ తర్వాత మెత్తని గుడ్డ వాడు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య,
సిరొంచ