పాలిష్ కొట్టిన పాత టేబుల్ నిజంగా టేకుదేనా, ఎంత పెట్టొచ్చు?

నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, బర్మా టేకు అన్నారు, 9 వేలకు కొన్నాను, సరైన ధరేనా అని అడిగారు. మీరు పెట్టిన ఫొటోలన్నీ పైచెక్కవే. కొత్తగా పాలిష్ కొట్టిన పైచెక్కను చూసి ఎవరూ గట్టిగా చెప్పలేరండి. రంగు కలిపి రెండు పూతలు వేస్తే మామిడి చెక్క కూడా రోజ్‌వుడ్‌లా మెరుస్తుంది.

నేను ఆరేళ్ల కిందట అలాగే మోసపోయాను. హైదరాబాద్‌లో ఒక పాత ఫర్నిచర్ కొట్టులో రోజ్‌వుడ్ అంటే నమ్మి, మీ టేబుల్ అంత సైజుదే 14 వేలు పోసి తెచ్చుకున్నాను. రెండో వానాకాలానికి కాళ్ల దగ్గర సన్నటి పిండి రాలడం మొదలైంది, ఎన్నిసార్లు తుడిచినా తెల్లారేసరికి మళ్లీ అంతే. మా వడ్రంగి టేబుల్ తిరగేసి, అడుగున పాలిష్ తగలని చోట ఉలితో గోరంత లేపాడు. లోపల పాలిపోయిన గోధుమ రంగు, రోజ్‌వుడ్‌కు ఉండే ఊదా నలుపు గీతల జాడే లేదు. "మామిడి సార్ ఇది" అన్నాడు. తర్వాత పాత పేపర్ల కొట్టు కాటా మీద పెడితే 28 కిలోలే తూగింది. ఆ సైజు రోజ్‌వుడ్‌ది దాదాపు 40 ఉండాలి. కొనేముందే ఒక మూల ఎత్తి చూసుంటే సగం విషయం తెలిసిపోయేది.

టేకుకు మాత్రం బరువు ఒక్కటే చాలదు, మామిడి కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. అందుకే టేబుల్ తిరగేయండి. అడుగున కనపడని చోట 120 నంబర్ ఎమరీ పేపర్‌తో కాస్త రుద్ది, ఆ పొట్టు వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. టేకైతే కొంచెం నూనెగా తగులుతుంది, తోలు వాసన లాంటిది వస్తుంది, ఒకసారి పసిగడితే మళ్లీ మర్చిపోరు. తర్వాత అడ్డంగా కోసిన చివర చూడండి, టేకుకు ఏటేటా వేసిన వలయాలు, ఒక్కో వలయం మొదట్లో సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాల వరుస కనిపిస్తాయి. అంచుకు వేరే పట్టీ కొట్టి, పైన గీతలు అక్కడితో ఆగిపోతే అది చాలావరకు ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి టేకు పొర, దానికి 9 వేలు ఎక్కువే. తెల్లచెక్క, అంటే మానులో బెరడు పక్కనుండే లేత రంగు చెక్క, ఎంత ఉందో కూడా చూడండి, చేవకు, అంటే లోపలి ముదురు చెక్కకు, పురుగు పట్టడం అరుదు, తెల్లచెక్కకు తేలిగ్గా పడుతుంది.

బర్మా టేకు అన్న మాటకు మాత్రం అదనంగా ఒక్క రూపాయి పెట్టొద్దు. మంచి టేకునంతా బర్మా అనే అమ్ముతారు, పాలిష్ అయ్యాక ఆదిలాబాద్ టేకుకూ దానికీ తేడా కంటికి దొరకదు.

ధర సంగతికొస్తే, అంగుళం మందం పైచెక్క, నాలుగు కాళ్లు, చుట్టూ పట్టీలు కలిపితే మీ టేబుల్‌లో సుమారు 1.6 ఘనపుటడుగుల చెక్క ఉంటుంది. దగ్గర్లోని టింబర్ డిపోలో టేకు ఘనపుటడుగు ఎంతో అడిగి గుణించండి, పైన కూలి, పాలిష్ ఖర్చు కలపండి. అది కొత్తదాని ఖరీదు. పాతదానికి అందులో సగం దాకా పెట్టొచ్చని నా లెక్క, కాళ్లు కదలకపోతే, పగుళ్లలో లప్పం కూరి లేకపోతే ఇంకాస్త పెట్టినా నష్టం లేదు. అడుగు భాగం, అంచు ఫొటోలు తీసి పెట్టండి, చూసి చెప్తాను.