భాష రాకపోయినా స్పానిష్ డాన్స్ పాటలు ఎందుకంత నచ్చుతాయి? అవి అంతగా ఎలా అమ్ముడుపోతాయి?

నాకు స్పానిష్ రాదు. అయినా కొన్నేళ్లుగా నా ఫోన్‌లో ఎక్కువగా మోగేవి ఆ పాటలే. "అర్థం తెలియని పాటలు వినడం ఫ్యాషన్ కోసమేనా, ఇదంతా మార్కెటింగ్ మహిమేనా?" అని మీరు అడిగారు. మార్కెటింగ్ ఉంది, కాదనను. కానీ ఈ పాటల్లో అసలు సరుకు తాళం. వ్యాపారమంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

నాకు ఇవి జుంబా (పాటలకు డాన్స్ చేస్తూ చేసే వ్యాయామం) క్లాసులో అలవాటయ్యాయి. కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర చిన్న హాల్లో జరిగేది. కాలేజీ పిల్లల నుంచి రిటైరైన టీచరమ్మ దాకా వచ్చేవాళ్లు. ఎవరికీ ఒక్క మాట అర్థమయ్యేది కాదు, కానీ పాట ఎక్కడ ఆగుతుందో ఎక్కడ ఊపందుకుంటుందో కొద్ది రోజుల్లోనే అందరి కాళ్లకూ తెలిసిపోయేది. అసలు జుంబా పుట్టుకే ఈ పాటల వల్ల. కొలంబియాలోని కాలీ నగరంలో బెటో పెరెజ్ అనే ఏరోబిక్స్ టీచర్ ఒకరోజు క్లాసు క్యాసెట్ మర్చిపోయి, తన దగ్గరున్న సల్సా, మెరెంగే అనే లాటిన్ డాన్స్ పాటలు పెట్టి నడిపించేశాడు. 2001లో మయామీలో అది కంపెనీ అయింది.

ఇక ఆ తాళం సంగతి. మృదంగం నేర్చుకునే పిల్లలు చెప్పే 'తకిట తకిట తక' విన్నారు కదా? మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. ఈ పాటల్లో బాగా వినిపించే రెగ్గేటాన్ అనే రకం పాట ఏదైనా పెట్టుకుని ఆ జతిని పైకి చెప్పి చూడండి. కింద కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) 1, 5 మీద నడక తప్పకుండా పడుతుంది. స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) మాత్రం 4 మీద, 7 మీద పడుతుంది. అంటే రెండో 'తకిట' మొదట్లో ఒకటి, చివరి 'తక' మొదట్లో ఒకటి. నడక సమంగానే ఉంటుంది, దెబ్బ మాత్రం పక్కకు జరుగుతుంది. నడుము కదిలేది ఆ తేడాకే.

ఈ బీట్ జమైకాలో పుట్టిన డాన్స్‌హాల్ అనే సంగీతం నుంచి వచ్చింది. పనామాలో దానికి స్పానిష్ మాటలు కలిశాయి, ప్యూర్టోరికోలో రెగ్గేటాన్‌గా స్థిరపడింది. అక్కడ మొదట్లో దీన్ని గౌరవంగా చూసినవాళ్లు తక్కువ. 1995లో పోలీసులు అశ్లీలమంటూ మ్యూజిక్ షాపుల మీద దాడులు చేసి క్యాసెట్లు పట్టుకెళ్లారు. 2004లో ప్యూర్టోరికో గాయకుడు డాడీ యాంకీ పాట 'గసోలినా' ప్రపంచమంతా తిరిగింది. 2023లో అదే పాటను అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితా అయిన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చారు. మార్కెటింగ్ డబ్బు రాకముందే ఈ సంగీతానికి జనం ఉన్నారని అందుకే అంటున్నాను.

వ్యాపారంలో మాత్రం చాలాకాలం ఒకే కిటుకు నడిచింది: స్పానిష్ పాటకు ఇంగ్లిష్ ముక్క కలపడం. స్పెయిన్‌కు చెందిన లాస్ దెల్ రియో జంట 1993లో తెచ్చిన 'మకరేనా'కు మయామీలో బేసైడ్ బాయ్స్ ఇంగ్లిష్ చరణాలు కలిపారు. 1996లో అది అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ తర్వాత ప్రధానంగా స్పానిష్‌లో ఉన్న పాట ఆ స్థానానికి చేరింది మళ్లీ 2017లోనే. అదే 'దెస్పసీతో'. లాటిన్ దేశాల్లో అప్పటికే పెద్ద హిట్. ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ రీమిక్స్ వచ్చాక 16 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

ఆ పాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మొదట వినిపించేది క్వాత్రో, ప్యూర్టోరికో వాళ్ల సొంత తీగ వాద్యం. పది తీగలు, జంటలు జంటలుగా ఉంటాయి. బీట్ వెంటనే రాదు. లూయిస్ ఫోన్సీ పాడుతుంటే వాయిద్యాలు మెల్లగా చేరతాయి. పల్లవి దగ్గర వేగం తగ్గినట్టయి, పాట పేరు ఒక్కో అక్షరంగా సాగుతుంది, అప్పుడు బీట్ దిగుతుంది. క్లాసులో అక్కడ అందరం ఆగి, ఒకేసారి కదిలేవాళ్లం. కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) చూస్తే నాలుగే, అవే తిరుగుతుంటాయి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన పనితనం అది. దాన్ని 'కమర్షియల్' అని తీసిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

తర్వాత ఆ కిటుకు అవసరమే లేకుండా పోయింది. ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీ స్పానిష్ వదల్లేదు. 2020, 2021, 2022 మూడేళ్లూ స్పాటిఫైలో ప్రపంచం ఎక్కువగా విన్నది అతన్నే. పూర్తిగా స్పానిష్‌లో ఉన్న అతని 2022 ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇంగ్లిష్ రేడియో స్టేషన్ దయ తలచాల్సిన పనిలేదు, మెక్సికోలో విన్నా న్యూయార్క్‌లో విన్నా స్పాటిఫై ప్రపంచ లెక్కలో పడుతుంది.

మన చెవికి ఇంకో సుఖం కూడా ఉంది. స్పానిష్‌లో చాలా మాటలు మనలాగే అచ్చుతో ముగుస్తాయి, రాగం తీయడానికి అనువుగా ఉంటాయి.

అన్నీ బాగుంటాయని చెప్పను. 'దెస్పసీతో' తర్వాత అదే అచ్చులో పోసినవి కుప్పలుగా వచ్చాయి. కొన్ని పాటల అర్థం వెతికి చూశాక పిల్లల ముందు పెట్టడం మానేశాను.

మీరు మొదలుపెట్టాలనుకుంటే 1998లో వచ్చిన ఎల్విస్ క్రెస్పో 'సువావెమెంతె' వినండి. అది మెరెంగే, రెగ్గేటాన్ కన్నా బాగా వేగం. ముందు గొంతు ఒక్కటే వస్తుంది, ఆపైన బ్యాండ్ అంతా అందుకుంటుంది. తర్వాత 'గసోలినా', ఆ తర్వాత 'దెస్పసీతో', రీమిక్స్ కాకుండా అసలుది. తాళాల తేడా మీకే తెలుస్తుంది.