ఆ వాక్యంలో కర్త ఎవరు?

రాజమండ్రి

అమ్మడూ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. పది రోజుల ధ్యాన శిబిరం, ఏడో రోజు తెల్లవారుజామున లోపల వినిపించిన మాట, మా అన్నయ్య నీ పేరున కొన్న స్థలం అమ్మేసి సత్సంగ కేంద్రం పెట్టాలన్న నీ ఆత్రం. "అత్తయ్యా, ఇది నా మాట కాదు, పైనుంచి వచ్చింది" అన్నావు. అప్పటికప్పుడు ఏదో ఒకటి అనేస్తే అది నా పెద్దరికం మాట్లాడినట్టవుతుందని ఫోన్ పెట్టేశాను. ఉత్తరమైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు.

ముందు నా భాగోతం విను. నలభై రెండో ఏట నాకూ ఒక కల వచ్చింది. మా వీధి చివర ఖాళీ జాగాలో అమ్మవారు కూర్చునుంది. నెత్తిన నీడ లేదు. లేచేసరికి ఒళ్ళంతా గగుర్పాటు. భజన మందిరం కట్టాలి, అదీ నేనే కట్టాలి అనుకున్నాను. చందా పుస్తకం పట్టుకుని మూడేళ్ళు గడపగడపా ఎక్కాను. మీ మావయ్యతో మాటామాటా వచ్చింది. పిల్లల పరీక్షలెప్పుడో కూడా నాకు తెలీదు. మొత్తానికి మందిరం లేచింది. ప్రారంభానికి ముందురోజు సాయంత్రం శిలాఫలకం ఆటోలో వచ్చింది. గోనెపట్టా విప్పి చూస్తే నా పేరు నాలుగో వరుసలో, సిమెంటు ఇచ్చినాయన పేరు కింద ఉంది. అందులోనూ ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. మర్నాడు హారతిలో అందరూ అమ్మవారిని చూస్తున్నారు, నేను ఆ రాయిని చూస్తున్నాను.

కల అబద్ధమని ఇప్పటికీ అనుకోను. ప్రతి శుక్రవారం అక్కడ ఆడవాళ్ళు చేరి లలితా సహస్రనామం చదువుకుంటున్నారు, మంచిదే. కానీ కలలో ఉన్నది నీడ లేదన్న సంగతి ఒక్కటే. "నువ్వే కట్టాలి" అన్న మాట అందులో లేదు. అది పక్కమీంచి లేచి మొహం కడుక్కునేలోపు నేను అతికించుకున్నది. ప్రేరణ పొట్టిగా ఉంటుందే, తోక మనం తగిలిస్తాం.

అందుకని నువ్వు మొట్టమొదట చెయ్యాల్సింది, ఆ తెల్లవారుజామున వినిపించిన మాటను వినిపించినట్టే కాగితం మీద రాసుకోవడం. నీకు అర్థమైంది కాదు, వినిపించింది. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, నాకు చేతనైన పరీక్ష వ్యాకరణమే. "చాలామందికి నువ్వు దారి చూపిస్తావు" అని వినిపించిందా, కాస్త అనుమానించు. అది నువ్వేమవుతావో చెబుతోంది. "ఫలానాది చెయ్యి" అని ఊరుకుందా, అప్పుడు చెవొగ్గు.

1896 ఆగస్టులో మదురైలో పదహారేళ్ళ వేంకటరామన్ ఇల్లు విడిచి అరుణాచలం బయల్దేరాడు. స్పెషల్ క్లాసుందని ఇంట్లో అబద్ధం కూడా చెప్పాడు, నేనేం దాచను. అన్నగారు ఎలాగూ వెళ్తున్నావు కదా, తన కాలేజీ ఫీజు కట్టిరా అని ఐదు రూపాయలు తీసుకెళ్ళమన్నాడు. కుర్రాడు పాత అట్లాసు తిరగేసి, రైలుకి మూడు చాలని లెక్కేసుకుని, మిగతా రెండూ ఒక చీటీతో పాటు ఇంట్లో పెట్టాడు. అరవంలో రాసిన ఆ చీటీ "నేను" అని మొదలవుతుంది. తండ్రిని, అంటే అరుణాచలేశ్వరుణ్ణి, వెతుక్కుంటూ, ఆయన ఆజ్ఞ మీదే పోతున్నానంటాడు. రెండో వాక్యానికి "నేను" పోయి "ఇది" వచ్చింది. ఇది మంచి పనికే పూనుకుంది, దీన్ని వెతకడానికి డబ్బు తగలెయ్యక్కర్లేదు అని. చివర, నీ ఫీజు ఇంకా కట్టలేదు, రెండు రూపాయలు ఇందులో ఉన్నాయి. సంతకం చోట ఒక గీత. అంతే.

పండితులు ఆ గీత గురించి చాలా చెబుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఫీజు ముక్క. అంత పిలుపులోనూ వాడికి అన్న ఫీజు గుర్తుంది. నాకు నా పిల్లల పరీక్షలు గుర్తులేవు.

ఆ కుర్రాడికి రమణ మహర్షి అని పేరు పెట్టింది మన బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని. ఏళ్ళ తరబడి మంత్రజపం చేసిన పండితుడు. 1907లో ఆ కొండెక్కి, తపస్సంటే ఏమిటో తెలియజెయ్యమని కాళ్ళమీద పడ్డాడు. 'నేను' అన్నది ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడు, అదే తపస్సు అన్నారాయన. నీ విషయంలో అయితే, ఆ మాట వెంట పరిగెత్తడం మాని, "ఇది వినిపించింది ఎవరికి?" అని రోజూ ఒక పది నిమిషాలు కూర్చో.

ఇంకోటి. నిద్ర తగ్గిపోయి, మాటలు ఎవరో చెవిలో చెప్పినట్టు మాటిమాటికీ వినిపిస్తుంటే డాక్టరుకి చూపించుకో. సిగ్గుపడేదేం లేదు.

ఇదంతా చదివి "నేనెంతదాన్ని" అని ముడుచుకుపోకు. నేను అదీ చేశాను. ఆ రాయి దెబ్బకి పదేళ్ళు దేనికీ ముందుకు రాలేదు. పక్కింటి మామ్మగారికి చూపు పోయింది. పోతన భాగవతం చదివి వినిపించమ్మా అంటే "నాకేం అర్హత" అని తప్పించుకున్నాను. అదీ అహమేనే, మాసిన చీర కట్టుకొచ్చిందంతే. చివరికి వెళ్ళాను. రోజుకో అరగంట. గజేంద్రుడు మొసలి నోట్లో ఉండగానే ఆవిడ గుర్రు పెట్టేది. నేను చదువుతూనే ఉండేదాన్ని. చూసేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. అన్నేళ్ళు క్లాసులో చెప్పిన పద్యంలో ఒక సంగతి నా కళ్ళబడింది అక్కడే. పలికెడిది భాగవతమట అని మొదలుపెట్టి, ఆ పద్యంలో పోతన మూడుసార్లు "అట" అంటాడు. భాగవతమట, పలికించేది రాముడట, పలికితే భవహరమట. అన్నీ ఎవరో చెప్పగా విన్నట్టే. 'అట' లేకుండా తన మాటగా చెప్పుకున్నది "పలికెద" అన్న పని ఒక్కటే.

స్థలం జోలికి ఆర్నెల్లు వెళ్ళకు. నిజంగా పైనుంచి వచ్చిందైతే ఆర్నెల్లకి పాచిపోదు. ఈలోపు ఆదివారం పొద్దున మీ హాల్లో చాప పరిచి, వచ్చినవాళ్ళతో కూర్చో. కేంద్రానికి పేరొద్దు, బ్యానరొద్దు, వాట్సాప్ గ్రూపూ వద్దు. మొదటివారం ఎవరూ రాకపోతే ఒక్కదానివే కూర్చో. ఆ రోజు లోపల ఏమవుతుందో నాకు రాయి. మీ అత్తగారికి కూడా సంగతంతా చెప్పు. "ఎందుకే తల్లీ ఇవన్నీ" అంటారావిడ. "ఈవిడకేం తెలుసు" అని నీలో ఒకటి బుస్సున లేస్తుంది చూడు, దాన్ని బాగా గుర్తుపట్టుకో. ఆ ఏడో రోజు మాట్లాడిన గొంతూ అదేనేమో పోల్చి చూసుకో.

దసరాకి వస్తావుగా, మందిరం చూపిస్తాను. శిలాఫలకానికి అడ్డంగా ఇప్పుడు చెప్పుల స్టాండు పెట్టారు, నాలుగో వరుస కనబడదు. అది అక్కడ పెట్టించింది నేనే. ఆ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను చూడు.

మీ అత్తయ్య