పాత కారు హారన్ మోగకపోతే: హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవారికి

హైదరాబాద్‌లో హారన్ పోతే అమీర్‌పేట చౌరస్తా దాటేలోపే తెలిసిపోతుంది. అమెరికాలో నెలల తరబడి దాన్ని నొక్కే పనే పడదు. అందుకే వాడిన కారు కొన్న మనవాళ్లకు చాలాసార్లు డ్రైవింగ్ టెస్ట్ రోజునే సంగతి బయటపడుతుంది. కాలిఫోర్నియాలో లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో బండి కదలకముందే హారన్ కొట్టి చూపించమంటారు. న్యూయార్క్, వర్జీనియాల్లో ఏటా జరిగే ఇన్‌స్పెక్షన్‌లోనూ చూస్తారు.

హారన్ స్విచ్ ఉండేది స్టీరింగ్ మధ్యలో, ఎయిర్‌బ్యాగ్ కింద. కాబట్టి దాన్ని విప్పడం ఆఖరి పనిగా పెట్టుకోండి. ముందు రిమోట్‌లోని ప్యానిక్ బటన్ నొక్కి పట్టుకోండి. చాలా కార్లలో దానికీ అదే హారన్ మోగుతుంది. మోగితే తప్పు స్టీరింగ్ వైపు ఉన్నట్టు. మోగకపోతే ఫ్యూజు చూడండి. ఏ గడిలో ఉందో కారు పుస్తకంలో ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లది. కాలిపోతే అంతే ఆంపియర్లది పెట్టాలి. పెద్దది పెడితే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

తర్వాత రిలే, అంటే స్టీరింగ్ మీద నొక్కగానే హారన్‌కు కరెంటు వదిలే చిన్న డబ్బా. ఒకరు హారన్ నొక్కుతుంటే ఇంకొకరు రిలే మీద వేలు పెట్టి చూడండి. టిక్కుమంటే స్టీరింగ్‌లోని హారన్ స్విచ్ పనిచేస్తోంది. పక్కనే అదే నంబరున్న రిలే ఉంటే మార్చి చూడండి. అయినా మోగకపోతే ముందు గ్రిల్ వెనకున్న హారన్‌కు వెళ్లే ప్లగ్గు, గ్రౌండ్ వైరు (కారు బాడీకి కలిసేది) చూడాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో అక్కడే ఎక్కువగా తుప్పు పడుతుంది.

టిక్కు రాకపోతే, రిలే కూడా మంచిదేనని తేలితే, ఇక స్టీరింగే. చాలా కార్లలో హారన్ స్విచ్ చేసే పని ఒక్కటే, రిలే లోపలి తీగచుట్టను (కాయిల్) గ్రౌండ్‌కు కలపడం. ఆ వైరు తిరిగే స్టీరింగ్‌లోంచి బయటికి రావడానికి క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట ఉంటుంది. లోపల పలచటి రిబ్బను, వాచీ స్ప్రింగులా చుట్టుకుని విచ్చుకుంటూ ఉంటుంది. ఏళ్ల వాడకంలో అది తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైరూ, క్రూయిజ్ (వేగాన్ని ఒకేలా ఉంచేది), వాల్యూమ్ బటన్ల వైర్లూ అందులోంచే వస్తాయి. కాబట్టి హారన్‌తోపాటు ఆ బటన్లూ పనిచేయక, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంటే దాదాపు క్లాక్ స్ప్రింగే. అలాంటప్పుడు మీరు విప్పొద్దు, మెకానిక్‌కు ఇవ్వండి. అంతకంటే ముందు కారు గుర్తింపు నంబరైన 17 అక్షరాల, అంకెల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఆ భాగం మీద రీకాల్ ఉంటే, అంటే లోపముందని కంపెనీ వెనక్కి పిలిచి ఉంటే, డీలరు ఉచితంగా మారుస్తారు.

హారన్ ఒక్కటే పోయి మిగతావన్నీ బాగుంటే కాంటాక్టుల్లో మురికి పట్టి ఉండొచ్చు. చక్రాలు తిన్నగా ముందుకు ఉండేలా పెట్టి, బ్యాటరీ నెగెటివ్ విప్పి, కనీసం 10 నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవాలి, ఈ ఆగడం మాత్రం తప్పించుకోకండి. స్టీరింగ్ వెనక స్క్రూలో, క్లిప్పులో ఉంటాయి. మీ మోడల్ మాన్యువల్ ప్రకారం వదులు చేసి ఎయిర్‌బ్యాగ్‌ను మెల్లగా ముందుకు లాగండి. పసుపు ప్లగ్గులు దానివి. వాటిలో మల్టీమీటర్ పుల్ల పెట్టొద్దు. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను ముఖం పైకి ఉండేలా ఉంచండి.

అప్పుడు చిన్న స్ప్రింగులు, వాటి ఎదుట రాగి రేకులు కనిపిస్తాయి. మనం నొక్కినప్పుడు కలిసేవి అవే. రేకుమీద పచ్చగానో నల్లగానో మచ్చ ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. స్ప్రింగు వంగిపోయి ఉంటే మార్చాలి. అన్నీ బిగించాకే బ్యాటరీ తగిలించండి. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే బండి తీయకండి.

భాగం మార్చాల్సి వస్తే ఇంటి నుంచి వచ్చేవాళ్లతో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో కొని తెప్పించుకోవద్దు. అదే పేరున్న కారైనా, అక్కడ స్టీరింగ్ కుడివైపు, ఇక్కడ ఎడమవైపు. పార్ట్ నంబర్లు కలవకపోవచ్చు. ప్లగ్గు సరిపోయినట్టు కనిపించినా ఎయిర్‌బ్యాగ్ విషయంలో అది చాలదు. విన్ నంబరు చెప్పి డీలరు పార్ట్స్ కౌంటర్లో నంబరు రాయించుకుని, అదే కొనండి.