పట్టా సరే, షోరీల్ మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి యానిమేషన్ ప్రధానాంశంగా నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) ఈ ఏడాది పూర్తి చేస్తోంది. హైదరాబాద్‌లో రెండు వీఎఫ్‌ఎక్స్ (సినిమాలకు కంప్యూటర్‌లో దృశ్యాలు రూపొందించే) స్టూడియోలకు షోరీల్ (తాను చేసిన పనుల నమూనా వీడియో) పంపితే బదులే రాలేదు. మరో లక్ష రూపాయలు కట్టి ఇంకో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, తొందరపడి ఆ లక్ష కట్టకండి. నాలుగేళ్లపాటు బొమ్మ గీయడం, వెలుగునీడలు సాధన చేసిన పిల్లకు కొరవడేది చాలావరకు సాఫ్ట్‌వేర్ కాదు, ఇతరులు అడిగిన పనిని అడిగిన గడువులోగా ముగించిన అనుభవం.

కొత్తవారికి చాలాచోట్ల మొదట అప్పగించేది రోటో పని, అంటే షాటులోని మనిషినో వస్తువునో నేపథ్యం నుంచి వేరు చేయడానికి ప్రతి ఫ్రేములోనూ దాని అంచు వెంట రేఖ గీయడం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి, అయిదు సెకన్ల షాటులో నటి పరుగెడుతుంటే, ఆమె చేతి అంచు వెంట గీసిన రేఖ 120 ఫ్రేముల్లోనూ వణకకుండా కదలాలి, గాలికి ఎగిరే ముంగురులు తెగిపోకూడదు. మోచేతి దగ్గర అంచు అదురుతోందని సూపర్‌వైజర్ వెనక్కి పంపితే, నొచ్చుకోకుండా అదొక్కటే సరిదిద్ది సాయంత్రానికల్లా తిరిగి ఇవ్వాలి. ఈ ఓర్పుకు మన పరీక్షల్లో మార్కులు లేకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

కాబట్టి ఈ మూడు నెలలు బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తోనే పని చేయమనండి. అది పూర్తిగా ఉచితం. లఘుచిత్రాలు తీసే కుర్రవాళ్లు ఎవరైనా ఉంటే, తమకు కావలసింది కాగితం మీద రాసిమ్మని అడిగి, రెండు షాట్లు చేసిపెట్టి, వాళ్లు చెప్పిన దిద్దుబాట్లన్నీ చేయమనండి. షోరీల్ నిమిషంన్నర దాటకూడదు. అన్నిటికన్నా మంచి షాటు ముందుండాలి. తరగతిలో అందరూ చేసిన అభ్యాసాలను తీసేయాలి. ప్రతి షాటు కింద తాను చేసిన భాగమేదో రాసి, పనికి ముందు, తర్వాత దృశ్యాలను పక్కపక్కన చూపాలి. నలుగురు కలిసి చేసినదాన్ని తనదిగా చూపితే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

సంతకం పెట్టే ముందు ఒప్పందం చదవడం కూడా నేర్పాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమానే తొలి హక్కుదారు. బయట చేసిన పని మీద హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు పేర్కొనకపోతే దాన్ని అయిదేళ్లుగానే లెక్కిస్తారు. విడుదల కాని సినిమా షాట్లను అనుమతి లేకుండా షోరీల్‌లో పెట్టకూడదన్న సంగతి కూడా ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

కొత్త రీల్ సిద్ధమయ్యాక ఆ రెండు స్టూడియోలకే మళ్లీ పంపమనండి. ఒకసారి బదులు రానంత మాత్రాన తలుపు మూసుకున్నట్టు కాదు.