తలసరి సాయం రాస్తున్నావా? హారం చూసుకో

అమ్మాయీ,

నీ చిత్తుప్రతి చదివాను. పసిఫిక్ దీవుల దేశాలకు అందే తలసరి విదేశీ సాయం పట్టికలో టువాలును పైన, ఫిజీని అడుగున పెట్టి, టువాలుకు డబ్బు కుప్పలు తెప్పలుగా వస్తోందని తేల్చేశావు. భాగహారం సరిగానే ఉంది, తీర్పే తొందరపాటు.

టువాలు జనాభా సుమారు 11 వేలు. మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ అంత. తీర రక్షణ పనులకు, పేద దేశాలు వాతావరణ మార్పును తట్టుకునేందుకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2016లో ఆ దేశానికి 3.6 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మనిషికి 3,270 డాలర్లన్నమాట. అదే సొమ్ము 2017 జనగణనలో 8,84,887 మంది ఉన్న ఫిజీకి వెళ్తే తలకు 41 డాలర్లు. పైగా పనులు ఏళ్ల తరబడి సాగుతాయి. ఏడేళ్లకు సర్దితే టువాలులోనూ ఏడాదికి 470 లోపే. వార్తల్లో కనబడేది మంజూరు, నువ్వు తీసుకోవాల్సింది ఆ ఏడాది విడుదలైన మొత్తం.

ఎక్కువమంది జారిపడేది హారం దగ్గరే, అంటే భాగించే జనాభా దగ్గర. మార్షల్ దీవుల్లో 2011 జనగణన 53,158 మందిని లెక్కగడితే 2021లో 42,418 మందే తేలారు. చాలామంది అమెరికా వలస వెళ్లిపోయారు. సాయం 10 కోట్ల డాలర్ల దగ్గరే కదలకుండా ఉందనుకో, తలసరి 1,881 నుంచి 2,357కు ఎగబాకుతుంది. పైసా పెరగకుండానే "సాయం పావు వంతు పెరిగింది" అని రాసేస్తాం! అందుకే జనాభా ఏ ఏడాదిదో, జనగణనదో అంచనాదో పట్టిక కిందే రాయి.

ప్రపంచ బ్యాంకు తలసరి అంకె నికర సాయానిది: విడుదలైన దాంట్లోంచి తిరిగి కట్టిన అప్పు అసలు తీసేస్తారు. 2018 నుంచి దాతల లెక్కల్లో వాడుతున్న గ్రాంటు సమాన విలువను (అప్పులో ఉచితంగా ఇచ్చినట్టు లెక్కగట్టే భాగాన్ని) దీంతో కలిపావో, పట్టిక మొత్తం చెడుతుంది. ఒక్క ఏడాది అంకెనూ నమ్మకు. 2015లో వనువాటును పామ్ తుపాను, 2016లో ఫిజీని విన్‌స్టన్ తుపాను కుదిపేశాయి. అలాంటి ఏడాది సాయం ఉబ్బుతుంది, ఐదేళ్ల సగటు తియ్యి.

ఖాళీ గడిని సున్నా అనుకోకు. కుక్ దీవులు 2020 జనవరి 1న సాయానికి అర్హమైన దేశాల జాబితాలోంచి బయటికొచ్చాయి. అంతమాత్రాన న్యూజిలాండ్ డబ్బు ఆగిపోలేదు, ఆ లెక్కలోకి రాదంతే. చైనా ఇచ్చేదీ ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దాతల పట్టికల్లో ఉండదు. 2019లో తైవాన్‌ను వదిలి బీజింగ్ వైపు తిరిగిన సోలొమన్ దీవులు, కిరిబాటి గురించి రాసేటప్పుడు ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ లోవీ ఇన్‌స్టిట్యూట్ పసిఫిక్ సాయం పటం కూడా తెరిచి చూడు. పలావు, మైక్రొనేషియా, మార్షల్ దీవులకు అమెరికా ఇచ్చేది సైనిక హక్కులతో ముడిపడిన ఒప్పందం సొమ్ము. దాన్ని ఉత్త దానంగా రాస్తే నేను ఒప్పుకోను.

తలసరి పక్కన మొత్తం సాయం, జనాభా, స్థూల జాతీయ ఆదాయంలో సాయం శాతం కూడా వెయ్యి. ఆ శాతానికి జీడీపీని వాడకు. జీడీపీ దేశంలోపలి ఉత్పత్తినే లెక్కిస్తుంది, జాతీయ ఆదాయంలో బయటి నుంచి వచ్చే రాబడీ కలుస్తుంది. విదేశీ పడవలు ట్యూనా పట్టుకోవడానికి కిరిబాటికి కట్టే లైసెన్సు రుసుము జీడీపీలో కనపడదు, జాతీయ ఆదాయంలో కనపడుతుంది. అది సాయం కాదు, వాళ్ల సముద్రానికి వాళ్లు వసూలు చేసుకునే అద్దె.